రోజుకు ఒక్క మాత్రే కదా, ఎందుకు ఆపేస్తారు?

మీరు అడిగింది ఇది: మీ మేనమామ ఏడేళ్లుగా హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. మందు ఉచితం, రోజుకు ఒకటే మాత్ర, చెప్పుకోదగ్గ ఇబ్బంది కూడా లేదు. అయినా రెండేళ్లలో రెండుసార్లు నెలల తరబడి ఆపేశారు. మొన్నటి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క) 1000 దాటింది, ఆ తర్వాత మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లడమే మానేశారు. ఇది నిర్లక్ష్యమా, మొండితనమా? గట్టిగా చెప్పాలా, బతిమాలాలా?

రెండూ పెద్దగా పనిచేయవు. సూటిగా చెప్పాలంటే, మందు ఆపేసినవాళ్లలో మతిమరుపు వల్ల ఆపినవాళ్లు తక్కువ. ఎవరి కంటా పడకుండా మాత్ర వేసుకునే వీలు దొరకని రోజున మొదటి డోసు తప్పుతుంది. తప్పినా ఏమీ కాలేదు కాబట్టి అది వారాలకూ నెలలకూ సాగుతుంది. మొదటిది రహస్యానికి సంబంధించిన చిక్కు, రెండోది ఈ జబ్బు నడిచే తీరులోనే ఉన్న చిక్కు. మనం మాత్రం రెండింటికీ "టైముకు వేసుకో" అనే ఒకే మందు రాస్తుంటాం.

రెండోదాని గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఇంట్లోవాళ్లకు అంతుపట్టనిది అదే.

ఫిట్స్ మందు మానేస్తే కొద్ది రోజుల్లోనే ఫిట్ రావచ్చు. ఇన్సులిన్ మానేస్తే ఒళ్లే చెబుతుంది. ఏఆర్‌టీ మానేసినవాడికి మర్నాడు ఏమీ కాదు. వారం తర్వాతా ఏమీ కాదు. పైగా నిద్ర సరిగా పట్టక, వికారంతో ఇబ్బంది పడుతున్న మనిషైతే మానేశాక హాయిగా ఉంటుంది! లోపల జరిగేది వేరు. మందు రక్తంలో తిరిగే వైరస్‌ను అణచగలదు గానీ, నిద్రాణంగా ఉన్న కొన్ని సీడీ4 కణాల్లో (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు ఇవి) దాక్కున్నదాన్ని తాకలేదు. జీవితాంతం వాడమనేది అందుకే. మందు ఆగితే సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో ఆ దాక్కున్న వైరస్ మళ్లీ పెరగడం మొదలవుతుంది. అప్పుడు కూడా మనిషికి ఏమీ తెలియదు. సీడీ4 కణాల కౌంటు మెల్లగా దిగుతూ, నెలలు గడిచాక నోట్లో తెల్లపూతో, తగ్గని విరేచనాలో, టీబీయో కనబడతాయి. ఆషాఢంలో మానేసిన మాత్రకూ సంక్రాంతికి వచ్చిన జ్వరానికీ ముడి పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

దీనికి తోడు ఇంకో మార్పు వచ్చింది. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు, కౌంటు 200 లోపు పడిపోతే గానీ మందు ఇచ్చేవారు కాదు. అప్పట్లో మందు మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మంచం పట్టి, ఆశ వదులుకుని, ఇద్దరు పట్టుకుంటే గానీ నడవలేని స్థితిలో వచ్చినవాళ్లు. ఆరు నెలల్లో లేచి పనికి వెళ్లారు. మాత్ర ఏం చేస్తుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2017 నుంచి పద్ధతి మారింది, కౌంటు ఎంత ఉన్నా పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడతారు. వైద్యపరంగా ఇదే సరైనది, సందేహం లేదు. కానీ ఇప్పుడు వచ్చేవాళ్లలో చాలామంది ఏ నొప్పీ లేకుండా, పెళ్లికి ముందు పరీక్షలోనో, గర్భిణీ పరీక్షలోనో, ఆపరేషన్ ముందు పరీక్షలోనో బయటపడినవాళ్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ మాత్ర రోజూ గుర్తుచేసేది ఒక్కటే, తనకు ఫలానా ఉందని. అందుకే కొందరు మాత్ర మానేస్తే జబ్బునే మరచిపోయినట్టు అనుకుంటారు. మీ మేనమామ ఏ స్థితిలో మందు మొదలుపెట్టారో కనుక్కోండి. సగం విషయం అక్కడే తెలుస్తుంది.

ఇక రహస్యం సంగతి. "దాచుకోవాలి" అన్న మాట తేలిగ్గా అనేస్తాం గానీ, రోజువారీ లెక్కలో అది ఎంత పనో చూడండి.

సెంటర్‌లో ఇచ్చేది 30 మాత్రల ప్లాస్టిక్ డబ్బా. కదిలిస్తే గలగలమంటుంది. దాని మీద పేర్లు ఉంటాయి, ఫోన్ ఉన్న ప్రతివాడూ వెతికి చూడగలడు. ఉమ్మడి కుటుంబంలో ఉండే కోడలు ఆ డబ్బాను బియ్యం డ్రమ్ములోనో, చీరల మడతల్లోనో పెడుతుంది. రాత్రి 9 గంటలకు అక్కడికి వెళ్లాలంటే ఆ గదిలో ఎవరూ ఉండకూడదు. చుట్టాలొస్తే ఆ గదిలోనే పడుకుంటారు. పెళ్లికి వెళితే పదిమందీ ఒకే హాల్లో. పురుటికి పుట్టింటికి వెళితే అక్కడ కొత్త చోటు వెతకాలి. హాస్టల్లో, లేబర్ క్యాంపులో, లారీ క్యాబిన్‌లో, అందరి బ్యాగులూ అందరూ తెరిచే చోట పరిస్థితి ఊహించుకోవచ్చు. ఇలాంటి రోజుల్లో మాత్ర గుర్తు లేకపోవడం అంటూ ఉండదు. సాయంత్రం నుంచీ అదే గుర్తుంటుంది, వేసుకునే దారి దొరకదు.

దీనికి పనికొచ్చే చిన్న చిన్న పద్ధతులు ఉన్నాయి. డబ్బాలో కొంచెం శుభ్రమైన దూది పెడితే చప్పుడు ఆగుతుంది. కానీ లోపల ఉండే తేమ పీల్చే చిన్న పొట్లాన్ని పారేయకూడదు, టెనోఫోవిర్ అనే మందు ఉన్న ఈ మాత్రకు తేమ పడదు. మొత్తం మందును కవర్లోకో, కాగితం పొట్లంలోకో మార్చేస్తే వానాకాలంలో అది పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. వారానికి సరిపడా 7 మాత్రలు చిన్న బిగుతు మూత డబ్బీలోకి తీసుకుని, మిగతావి అసలు డబ్బాలోనే ఉంచడం మేలు. పొయ్యి గట్టు మీద, బండి డిక్కీలో, లారీ డ్యాష్‌బోర్డులో పెట్టకూడదు, మన ఎండలకు అక్కడ 30 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతాయి. ఇంకో రెండు మాత్రలు ఎప్పుడూ పర్సులోనో, టిఫిన్ బ్యాగులోనో ఉండాలి. అనుకోకుండా రాత్రి ఎక్కడైనా ఆగిపోతే అవే ఆదుకుంటాయి. నెలకోసారి వాటిని వేసుకుని కొత్తవి పెట్టుకోవాలి.

టైము విషయంలో కూడా పాత అలవాటు ఒకటి పట్టి పీడిస్తోంది. ఇదివరకు ఇచ్చిన ఎఫావిరెంజ్ మాత్ర తల తిప్పేది, వింత కలలు తెప్పించేది, కాబట్టి పడుకునే ముందు వేసుకోమనేవారు. 2020 తర్వాత ఎక్కువమంది టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్రకు, సెంటర్లలో టీఎల్‌డీ అంటారు, మారారు. దాన్ని ఉదయమైనా, మధ్యాహ్నమైనా, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. అయినా చాలామంది ఆ రాత్రి 9 గంటలకే అతుక్కుపోయి ఉన్నారు, ఇల్లంతా జనంతో నిండి ఉండే టైము అదే. పొలంలోనో, ఆఫీసులోనో, బస్సులోనో ఒంటరిగా ఉండే ఒక ఘడియ ఎవరికైనా ఉంటుంది. మాత్రను ఆ ఘడియకు మార్చుకుంటే సగం తప్పిన డోసులు ఆగిపోతాయి. ఇంత చిన్న మార్పు చెప్పకుండా అలారం పెట్టుకోమనడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. అలారం మోగితే పక్కనున్నవాళ్లు "ఎందుకది?" అని అడుగుతారు కదా!

తాగుడు. దీని గురించి సెంటర్లలోనే తప్పుగా చెబుతారు. "మందు వేసుకుంటే మద్యం ముట్టకూడదు" అని ఖరాఖండిగా చెప్పడంతో, తాగేవాళ్లు దాన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు: తాగిన రోజు మాత్ర వేసుకోకూడదు. శనివారం తాగే మనిషి శనివారం మాత్ర మానేస్తాడు. నెలకు 4 పోయాయి, 30లో 26, అంటే 87 శాతం. శని, ఆదివారాలు రెండూ అయితే 8 పోయి 73 శాతానికి పడుతుంది. మనకు కావలసింది 95 శాతం పైన, అంటే 30లో ఒకటి మించి తప్పకూడదు. ఈ మనిషి నిర్లక్ష్యంగా లేడు, చెప్పిన మాట పాటించాలని చూసి దెబ్బతిన్నాడు. చెప్పాల్సిన మాట ఇది: తాగడం మానితే కాలేయానికీ జేబుకూ మంచిది, కానీ తాగినా సరే మాత్ర మాత్రం వేసుకో. ఇంకా మంచిది, తాగే అలవాటు సాయంత్రాలైతే మాత్ర ఉదయానికి మార్చడం.

దీక్షలు, ఉపవాసాలు కూడా ఇలాంటివే. అయ్యప్ప మాల 41 రోజులు. సన్నిధానంలో అందరితో కలిసి ఉండాలి, పీఠం దగ్గర అందరి సామానూ ఒకచోటే. కొందరు నియమం పేరుతో, కొందరు ఎవరైనా చూస్తారన్న భయంతో ఆపేస్తారు. 41 రోజుల ఖాళీ అంటే వైరస్ తిరిగి పుంజుకోవడానికి చాలినంత కంటే ఎక్కువ. రంజాన్‌లో సమస్య తేలిక, టీఎల్‌డీని సహరీకి గానీ ఇఫ్తార్‌కు గానీ మార్చుకుంటే ఉపవాసం చెడదు. మాల వేసుకునేవాళ్లు ముందే సెంటర్‌లో చెప్పి, 41 రోజులకూ సరిపోను మందు తీసుకుని, తెల్లవారుజామున స్నానానికి వెళ్లే టైముకు మాత్ర పెట్టుకుంటే సరిపోతుంది. ఇది అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, దేవుడి విషయం డాక్టరుతో ఎందుకులే అని.

తప్పిన డోసుల్లో ఒక సూక్ష్మం ఉంది. నెలలో అక్కడొకటి ఇక్కడొకటిగా 4 తప్పడం కంటే, వరుసగా చాలా రోజులు ఆగడం ఎక్కువ హాని. పాత ఎఫావిరెంజ్, నెవిరపిన్ రకాలకు వైరస్‌లో ఒక్క మార్పు చాలు, మందు పనిచేయదు. పైగా కలిపి ఇచ్చే మూడు మందులూ ఒకేసారి ఆపినా ఈ రకంవి మాత్రం రక్తంలో ఎక్కువ రోజులు ఒంటరిగా మిగిలి ఉండేవి, వైరస్‌కు అది పాఠం చెప్పినట్టే అయ్యేది. డొలుటెగ్రావిర్ గట్టిది, అంత తేలిగ్గా లొంగదు. అలా అని ఆపి, మొదలుపెట్టి, మళ్లీ ఆపడానికి అది లైసెన్సు కాదు, పక్కనున్న లామివుడిన్‌కు ఎదురు తిరగడం వైరస్‌కు తేలికే. ఇంకొకటి, మీ మేనమామకు హెపటైటిస్ బి కూడా ఉందేమో చూడాలి. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ దాన్ని కూడా అణచి ఉంచుతాయి. హఠాత్తుగా ఆపితే ఆ కాలేయపు జబ్బు ఒక్కసారిగా విజృంభించవచ్చు.

మందు వల్ల వచ్చే ఇబ్బందుల సంగతి. ఇప్పటి మాత్ర పాతవాటితో పోలిస్తే చాలా మెత్తన. స్టావుడిన్ అనే పాత మందు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయి, కాళ్లూ చేతులూ సన్నబడి, మనిషిని చూడగానే ఊరంతా గుర్తుపట్టేది. ఆ మందును పక్కన పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 చివర్లో చెప్పింది. మరో పాత మందు జిడోవుడిన్‌తో కొందరికి రక్తం తగ్గేది. కానీ ఆ భయం ఇప్పటికీ పోలేదు, పాత పేషెంట్లను చూసినవాళ్లు కొత్త మాత్రనూ అనుమానిస్తారు. ఇప్పటి మాత్రతో వచ్చేవి నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, కొందరిలో బరువు పెరగడం. నిద్ర పట్టకపోతే ఉదయానికి మార్చితే చాలామటుకు సర్దుకుంటుంది.

మొదటి మందు పనిచేయనప్పుడు మార్చి ఇచ్చే సెకండ్ లైన్‌లో అటాజనావిర్ వాడేవాళ్లలో కొందరికి కళ్లు పచ్చబడతాయి. అది కాలేయం పాడవడం వల్ల కాదు, బిలిరుబిన్ బయటికి పోయే దారిని మందు కాస్త అడ్డుకోవడం వల్ల. ముందే చెప్పకపోతే ఏమవుతుందంటే, ఇంట్లోవాళ్లు "పచ్చకామెర్లు" అని పసరు మందుకు తీసుకెళతారు, అక్కడ పథ్యం పేరుతో అన్ని మాత్రలూ ఆపిస్తారు. ఆ ఇంట్లోవాళ్లకు అసలు జబ్బు తెలియదు కాబట్టి పేషెంటు కాదనలేడు. ఒక్క వాక్యం ముందు చెప్పి ఉంటే తప్పేది ఇది. కళ్ల పచ్చదనంతో పాటు అన్నం సహించకపోవడం, వాంతులు, జ్వరం ఉంటే మాత్రం వెంటనే చూపించాలి.

మొదటి మూడు నెలల్లో ఆపేవాళ్ల కథ వేరు. కౌంటు బాగా తక్కువ ఉన్నప్పుడు మందు మొదలుపెడితే, కొందరిలో రోగనిరోధక శక్తి తిరిగి లేచి, లోపల నిద్రపోతున్న టీబీ లాంటివాటి మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. జ్వరం, గడ్డలు వస్తాయి. "మందు వేసుకోకముందే బాగున్నాను" అని పేషెంటు అనేది నిజమే. మందు పనిచేయడం మొదలైంది కాబట్టే అలా అయిందని, ఆపకుండా వచ్చి చూపించుకోవాలని మొదటి రోజే చెప్పాలి. ఆ రోజు ఆ మాట చెప్పడానికి కౌన్సిలర్‌కు దొరికేది ఎన్ని నిమిషాలో ఓపీ లైను చూసినవాళ్లకు తెలుసు.

మాత్ర వేసుకుంటున్నా లోడ్ పెరగడం ఒకటి ఉంది, దాన్ని అబద్ధం కింద జమకట్టేస్తారు. గ్యాస్‌కు వాడే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న జెలూసిల్ తరహా మందులు డొలుటెగ్రావిర్‌ను పేగులోనే పట్టేస్తాయి. టీఎల్‌డీని ఆ గ్యాస్ మందుకు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకూ అదే లెక్క, లేదంటే భోజనంతో కలిపి రెండూ ఒకేసారి వేసుకోవచ్చు. గర్భిణులకు ఐరన్ తప్పదు కాబట్టి వాళ్లకు ఇది తప్పకుండా చెప్పాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఉంటే 12 గంటల తేడాతో రెండో డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర కావాలి. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్ గురించి డాక్టరుకు చెప్పకుండా ఉండకూడదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడితే రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. ఆర్‌ఎంపీ దగ్గర కట్టిచ్చిన పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు, అది ఇంకో తలనొప్పి.

దూరం, డబ్బు. మందు ఉచితమే, మందు తెచ్చుకోవడం ఉచితం కాదు. ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, మధ్యాహ్నం తిండి. కూలికి వెళ్లేవాడికి నెలలో ఒక రోజు అంటే చిన్న సంగతి కాదు. పైగా సొంత ఊరి సెంటర్‌లో తెలిసినవాళ్లు కనబడతారని పక్క జిల్లాకు వెళ్లేవాళ్లు చాలామంది. ఆ రోజు మేస్త్రీకి ఏం చెప్పాలి, ప్రతి నెలా ఎవరి పెళ్లి అని చెప్పాలి? ఇక్కడ కొన్ని వెసులుబాట్లు వచ్చాయి. లోడ్ అదుపులో ఉన్నవాళ్లకు ఒకేసారి 3 నెలల మందు ఇచ్చే పద్ధతి ఉంది, అడగాలి. పెద్ద సెంటర్‌కు అనుబంధంగా లింక్ ఏఆర్‌టీ సెంటర్లు దగ్గరి ఆసుపత్రుల్లో ఉన్నాయి. ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ ఆర్టీసీ బస్సు ఉచితం, ఛార్జీ బాధ వాళ్లకు కొంత తగ్గింది. ఏఆర్‌టీ వాడేవాళ్లకు పింఛను రెండు రాష్ట్రాల్లోనూ ఉంది గానీ, దరఖాస్తు ఊళ్లోవాళ్ల చేతుల మీదుగా పోతుందేమోనని అర్హత ఉండీ వదులుకున్నవాళ్లు ఉన్నారు.

వలస వెళ్లేవాళ్లు ముంబైకో, బెంగళూరుకో, ఇటుక బట్టీలకో వెళ్లేముందు సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ రాయించుకోవాలి. రాయించుకోకుండా వెళ్లినా, తమ దగ్గర ఉండే, చికిత్స వివరాలు రాసిన పుస్తకం చూపిస్తే వేరే రాష్ట్రంలోని సెంటర్ కూడా అత్యవసరంగా కొంత మందు ఇస్తుంది. ఆ పుస్తకాన్ని ఇంట్లోనే దాచి వెళతారు, అదే వస్తుంది చిక్కు. పుస్తకం పట్టుకెళ్లడం భయమైతే ఆ పేజీ ఫొటో తీసి ఫోన్‌లో దాచుకున్నా కొంత పని జరుగుతుంది. అప్పుడప్పుడూ తప్పు పేషెంటుది కానే కాదు, మందే ఉండదు. 2022లో మందుల కొరత మీద ఢిల్లీలో న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఆఫీసు ముందు హెచ్‌ఐవీ పాజిటివ్ వ్యక్తులు నెలకు పైగా ధర్నా చేశారు. నెల మందు అని వచ్చినవాడికి వారం మందు ఇచ్చి పంపితే, కూలి పోగొట్టుకుని అతను మళ్లీ వారానికి రాడు. అందుకే డబ్బాలో కనీసం 5, 6 మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి మందుకు వెళ్లాలి.

ఇప్పుడు మీ మేనమామ సెంటర్‌కు ఎందుకు వెళ్లడం లేదో చూద్దాం. నా అంచనాలో కారణం తిట్లు. అందరు స్టాఫూ అలా ఉండరు, కానీ మిగిలిన మాత్రలు లెక్కపెట్టి నిలదీసే పద్ధతిలోనే లోపం ఉంది. లెక్క ఇలా వేస్తారు: పాతవి 4, కొత్తవి 30, మొత్తం 34. 28 రోజులకు వచ్చినప్పుడు 9 మిగిలాయి, అంటే 25 వేసుకున్నారు. వేసుకోవాల్సింది 28. 89 శాతం. లెక్క సరైనదే. కానీ 95 లోపు వస్తే చీవాట్లు పడతాయని తెలిసిన మనిషి, ముందు రోజు ఎక్కువగా మిగిలిన 3 మాత్రలు కాలువలో పారేసి నూటికి నూరుతో వస్తాడు. ఏడాదికోసారి వైరల్ లోడ్ చేసేదాకా ఎవరికీ తెలియదు. బయటపడ్డాక రావడమే మానేస్తాడు. అడిగే తీరు మారితే నిజం వస్తుంది. "మానేశావా?" అంటే "లేదండీ" అనే వస్తుంది. "చాలామందికి నెలలో కొన్ని తప్పుతుంటాయి, ఈ వారం మీకు ఏ రోజు కుదరలేదు?" అంటే ఫలానా రోజు అని వస్తుంది. ఆ రోజు ఏం జరిగిందో అడిగితే కారణం బయటికొస్తుంది.

కుంగుబాటును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. భార్య పోయినా, పిల్లల పెళ్లిళ్లు కుదరకపోయినా, "ఎవరి కోసం బతకాలి" అనుకునే మనిషికి మాత్ర గురించి ఎంత చెప్పినా ఎక్కదు. సరిగా నిద్రపోకపోవడం, అందరికీ దూరంగా ఉండటం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం రెండు వారాలు మించితే మానసిక వైద్యుడికి చూపించాలి. దానికి మందు ఉంది, అది తగ్గితే ఏఆర్‌టీ దానంతటదే గాడిన పడటం మామూలే. ప్రసవం తర్వాత ఆడవాళ్లు ఆపేయడం కూడా ఇలాంటిదే. కడుపులో బిడ్డ కోసం ఒక్క డోసు తప్పకుండా వేసుకున్న మనిషి, బిడ్డకు నెగెటివ్ అని తేలాక తన కోసం వేసుకోదు.

పుట్టుకతో హెచ్‌ఐవీ వచ్చిన పిల్లలు ఇప్పుడు ఇరవైల్లోకి వస్తున్నారు, వాళ్ల గురించి విడిగా రాయాలి. ఇక్కడ ఒక్క మాట: "బలం మందు" అని చెప్పి పెంచిన పిల్లాడు పదిహేనేళ్లకు ఇంటర్నెట్‌లో పేరు వెతికి నిజం తెలుసుకుంటే, మాత్ర మీద కంటే ముందు అమ్మానాన్నల మీద నమ్మకం పోతుంది. 6 నుంచి 12 ఏళ్ల మధ్య కొంచెం కొంచెంగా చెప్పుకుంటూ రావాలి.

ఇక మీరు చేయగలిగింది.

మొదట, ఇంట్లో మిగిలిన పాత డబ్బా తీసి మళ్లీ మొదలుపెట్టమని చెప్పకండి. నెలలు ఆగాక కౌంటు ఎంతకు పడిందో, టీబీ వచ్చిందో, మెదడు పొరల్లో క్రిప్టోకాకస్ ఫంగస్ చేరిందో చూడకుండా మందు మొదలుపెడితే కొన్నిసార్లు ప్రాణం మీదికి వస్తుంది. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తగ్గని తలనొప్పి వీటిలో ఏది ఉన్నా ఆ రోజే తీసుకెళ్లండి. ఒకటి రెండు డోసులు తప్పినప్పుడైతే ఇంత తతంగం లేదు, 12 గంటల లోపు గుర్తొస్తే వెంటనే వేసుకోవాలి, దాటితే మర్నాటి టైముకు ఒకటే వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదు.

సెంటర్‌లో మళ్లీ చేర్చుకోవడానికి నిరాకరించరు, ఎంత కాలం ఆపినా సరే. లోడ్ 1000 దాటింది కాబట్టి నెలకోసారి చొప్పున మూడు నెలలు గట్టి కౌన్సెలింగ్ చేస్తారు. ఆ మూడు నెలలూ మాత్ర 95 శాతం పైన నిలకడగా ఉంటేనే మళ్లీ లోడ్ పరీక్షకు అర్థం ఉంటుంది. అప్పటికీ 1000 పైనే ఉంటే మందు మార్చాలా అన్నది రాష్ట్ర నిపుణుల ప్యానెల్‌కు పంపుతారు. మందు ఆపిన కాలంలో పెరిగిన లోడ్‌ను చూసి "మందు పనిచేయడం లేదు" అని ముందే తీర్మానించకండి, ఆయననూ అలా అనుకోనివ్వకండి. నూటికి నూరు పాళ్లూ మంచి మందు చేతిలో ఉండగా సెకండ్ లైన్‌కు పరుగెత్తడం నష్టమే.

ఆ సెంటర్ స్టాఫ్ ముఖం చూడటం ఇష్టం లేకపోతే ఇంకో సెంటర్‌కు మారే హక్కు ఆయనకు ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, చట్టం చెప్పిన కొద్దిపాటి మినహాయింపుల్లో తప్ప, ఆయన అనుమతి లేకుండా ఆయన స్థితి ఎవరికీ చెప్పకూడదు. ఇది మీకూ వర్తిస్తుందని అనుకోండి: మీకు తెలుసన్న సంగతి అత్తయ్యకు గానీ, మీ అమ్మకు గానీ ఆయనను అడగకుండా చెప్పవద్దు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు, ఛార్జీ లేదు.

ఆయనతో మాట్లాడేటప్పుడు మందు గురించి మొదలుపెట్టకండి. ఒంటరిగా ఉన్నప్పుడు, బండి మీద ఎక్కడికైనా వెళుతూ, "మామయ్యా, మాత్ర ఏ టైముకు కుదరడం లేదు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. జవాబు ఆ రోజే రాకపోవచ్చు. వచ్చినప్పుడు ఆ టైమును మార్చండి. డబ్బా ఆయన ఇంట్లో పెట్టే చోటు లేకపోతే మీ ఇంట్లో ఉంచి, వారానికి 7 మాత్రల డబ్బీ మీరే అందించండి. లోడ్ దిగి, 200 కంటే తక్కువగా నిలకడగా ఉన్నంతకాలం శృంగారం ద్వారా ఇంకొకరికి అంటదని కూడా ఆయనకు చెప్పండి. ఇన్నేళ్లలో ఆయనకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. అత్తయ్యకు అంటుతుందేమోనన్న భయంతో ఆ ఇంట్లో ఆయన ఎలా ఉంటున్నారో మీకు తెలియదు.